అమ్మకు మాటలు సరిగ్గా వినపడవు. ఇంట్లో కలిసి ఏం చూడొచ్చు?

లెక్కల టీచరమ్మ, కాకినాడ

నమస్తే అందరికీ. ప్రశ్న చిన్నదే, సోది మాత్రం కాస్త ఎక్కువ. ఓపిక పట్టండి.

నాన్న పోయాక అమ్మ మా ఇంటికొచ్చి ఏడాది దాటింది. డెబ్భై మూడేళ్లు. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచీ కళ్లు భేషుగ్గా ఉన్నాయి. పేపర్లో టెండరు ప్రకటనలతో సహా చదివేస్తుంది. చెవులే మొరాయిస్తున్నాయి. అలాగని అసలు వినపడదని కాదు. వంటింట్లో నేను తన గురించి ఫోన్లో గొణిగితే మాత్రం ఎలా వినపడుతుందో ఆ దేవుడికే తెలియాలి. టీవీలో సినిమా పెట్టామా, రెండు నిమిషాలకోసారి నా మోచెయ్యి పొడిచి "ఏంటే అంటున్నాడు?" అంటుంది. నేను చెప్పేలోపు తర్వాతి నాలుగు ముక్కలు ఇద్దరికీ పోతాయి. మా ఆయన సౌండ్ పెంచుతారు. ఇంతలో పాటో ఫైటో వస్తుంది, పై వాటాలో కుక్క అందుకుంటుంది. ఆయన తగ్గిస్తారు. మళ్లీ మోచెయ్యి.

సబ్‌టైటిళ్లు పెట్టుకోవచ్చుగా అంటారేమో. పెట్టాం. అన్నీ ఇంగ్లీషులోనే. అమ్మకి ఇంగ్లీషు బస్సు బోర్డు చదివేంత వరకే వచ్చు. తెలుగైతే నాకంటే వేగంగా చదువుతుంది. తెలుగు సినిమా కింద తెలుగు అక్షరాలు వేయాలని ఎవరికీ తోచదెందుకో! మేం చూసినవాటిలో ఒక్కదానికీ లేవు.

ఈ రెండు నెలల్లో ముగ్గురం కలిసి చూసినవి ఇవీ.

కోర్ట్ (2025, ప్రియదర్శి లాయరు). విశాఖలో 2013లో జరిగే కథ, పోక్సో కేసు, అంటే పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే చట్టం కింద పెట్టిన కేసు. నాకు బాగా నచ్చింది. ప్రేమించిన కుర్రాణ్ణి అమ్మాయి తరఫువాళ్లు చట్టాన్ని అడ్డం పెట్టుకుని ఎలా ఇరికిస్తారో చూస్తుంటే ఒళ్లు మండింది. అమ్మకి మాత్రం అందులో ఇద్దరి మాటలే వినపడ్డాయి: మంగపతిగా వేసిన శివాజీ, పెద్ద లాయరుగా వేసిన సాయికుమార్. సాయికుమార్ నోరు విప్పగానే "ఇది రాజశేఖర్ గొంతు కదే" అంది! అప్పట్లో రాజశేఖర్‌కి డబ్బింగ్ చెప్పింది ఈయనే కదా, మనిషి మారినా గొంతు గుర్తుపట్టింది చూడండి. అసలు కథ మోసేది ఆ పిల్ల జాబిల్లి. ఆ పిల్ల మాట ఒక్కటీ వినపడలేదట. మంగపతి అరుపులు మాత్రమే విని సినిమా అయ్యాక "ఆ మామయ్యకి ఎందుకంత కోపం?" అని అడిగింది. రెండు గంటలు చూశాక అడిగిందిది.

35 చిన్న కథ కాదు (2024). తిరుపతిలో ఓ ఇల్లు, లెక్కలు రాని పిల్లాడు, పది తప్పిన తల్లి. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని వాడి గొడవ. వృత్తిరీత్యా చెబుతున్నాను, ఇది సినిమావాళ్లు కల్పించిన ప్రశ్న కాదు, ఏటా ఒకడైనా అడుగుతాడు. నేనైతే బల్ల మీద రెండు డబ్బాలు పెట్టి, పదుల డబ్బాలో ఒక పుల్లల కట్ట వేసి, ఒకట్ల డబ్బా ఖాళీగా చూపిస్తాను. ఆ డబ్బా ఖాళీగా ఉందని చెప్పే గుర్తు సున్నా. అది రాయకపోతే ఒకటి ఏ డబ్బాలోదో తెలియదు. వాడికి అది అర్థమైతే సరి. కాకపోతే అడగడం మానేస్తాడు, అది ఇంకా ప్రమాదం. అందులో ప్రియదర్శి వేసిన మాస్టారు పిల్లల్ని మార్కుల్ని బట్టి పిలుస్తాడు. అక్కడ సోఫాలో సర్దుకుని కూర్చున్నాను. పేపర్లు ఇచ్చేటప్పుడు మార్కులు పైకి చదివిన రోజులు నాకూ ఉన్నాయి. ఇప్పుడు చదవను. ఇంతకీ అమ్మకి ఇది సగమే అందింది. తల్లిగా వేసిన నివేదా థామస్ మొహం చూసి మిగతాది అల్లుకుంది. పరవాలేదనిపించింది.

బలగం (2023). తెలంగాణ పల్లెలో ఇంటిపెద్ద పోయాక జరిగే కథ. ఇందులో మాటలు మరీ కష్టమయ్యాయి. ఎవరెవరికి ఏమవుతారో కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది. కానీ చివర్లో ఆ పాట మొదలయ్యాక అమ్మ నన్నేమీ అడగలేదు. పాట అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని "మీ నాన్నకి కాకి వెంటనే ముట్టింది" అంది, అంతే. మా ఆయన లేచి మంచినీళ్లు తెచ్చారు.

ఇక సీరియల్. ఇదొక్కటే అమ్మకి ఇబ్బంది లేకుండా నడుస్తుంది. నేను చాలా వెక్కిరించేదాన్ని, ఒక్క మాటకి ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారని. ఇప్పుడు అర్థమైంది. జరిగిందే ఒకరు ఇంకొకరికి చెబుతారు, వాళ్లు మరొకరికి. ఒకచోట వినపడకపోతే ఇంకోచోట దొరుకుతుంది. వంటింట్లోకి వెళ్లి కుక్కరు దింపుకుని వచ్చినా కథ అక్కడే ఉంటుంది. నేను అమ్మ పక్కన కూర్చోలేనిది అక్కడే!

అడిగేదేంటంటే, ముగ్గురం కలిసి చూడగలిగేవి, అమ్మ మోచెయ్యి అవసరం లేనివి ఏమైనా ఉన్నాయా? ఫైట్ల సినిమాలు చెప్పకండి, కుక్క ఊరుకోదు.

సిరిసిల్ల పిలగాడు

అక్కా, బలగం ముచ్చట సదివిన. మీ అమ్మకు మాటలు తెల్వలేదంటె అంతా చెవుల తప్పే కాదేమో, మా యాస గూడ గావచ్చు. మా దోస్తు ఒకడు భీమవరమోడు, వానికి చెవులు మంచిగనే ఉన్నయి, వాడు గూడ సగం సినిమా నన్నే అడిగిండు.

డైరెక్టర్ వేణుది మా సిరిసిల్లనే. ఊర్లె తెర కట్టి ఏసిన్రు, నేను మా నాయినమ్మను పట్టుకపోయి చూపెట్టిన. ఆమెకు గూడ చెవులు దూరమే. గని ఒక్క ముక్క అడగలె. ఎందుకంటె ఆమెకు ఆ పని మొత్తం ఎర్కనే. పిట్టకు పెట్టుడు, పిట్ట ముట్టకపోతె అందరు ఒకరి మొకం ఒకరు చూసుకునుడు, పదకొండో దినం దాకా కిందమీద పడుడు, అన్ని ఇంట్ల చూసినయే.

నల్లిబొక్క, అంటె మూలుగుండే మాంసం బొక్క, దాని కాడ లొల్లికి మా రూముల పోరగాండ్లు నవ్విన్రు, బొక్క కోసం ఇండ్లు ఇడిపోతయా అని. నవ్వేదేం లేదు. అల్లుని ఇస్తార్ల ఏం పడ్డదన్నది మర్యాద. బొక్క ఉట్టి పేరుకే.

ఆఖర్ల పాడిన మొగిలయ్య, కొమురమ్మ ఊర్లు తిరిగి కథలు జెప్పుకుంట బతికినోళ్లు. సచ్చినోళ్ల ఇంటి ముందట ఎట్ల పాడుతరో అట్లనే పాడిన్రు. మొగిలయ్య 2024 డిసెంబర్ల పోయిండు. మీ అమ్మకు ఆ పాట అందిందంటె ఆయన గొంతు ఆడిదాక వచ్చినట్టే.

బెజవాడ టీవీ మెకానిక్

మేడమ్, మీ అమ్మగారి చెవుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ టీవీ సంగతి చెప్పండి. వారానికి ముగ్గురైనా నా దగ్గరకొచ్చి టీవీ పోయిందంటారు, మాటలు సన్నగా, పాటలు గోలగా వస్తున్నాయని. టీవీ పోదు. కారణం వేరే.

ఇప్పటి సినిమా సౌండ్ 5.1 అంటారు, అంటే ఆరు దారులు. మాటలన్నీ మధ్య దారిలో పెడతారు, సంగీతం, చప్పుళ్లు పక్క దారుల్లో. థియేటర్లో తెర వెనక మధ్యలో పెద్ద స్పీకరు ఉంటుంది కాబట్టి సరిపోతుంది. మీ టీవీకి ఉన్నవి రెండు బుల్లి స్పీకర్లు. ఆరు దారుల సరుకు రెండింట్లో కుక్కేసరికి మాట అడుగున పడిపోతుంది. దానికి తోడు పల్చటి టీవీల్లో స్పీకర్లు కిందికో, వెనక గోడకేసో తిరిగి ఉంటాయి. పాత డబ్బా టీవీకి మన మొహం వైపే ఉండేవి. డబ్బా టీవీలో బాగా వినపడేదని పెద్దవాళ్లు అంటే అది చాదస్తం కాదు, నిజం.

చేయాల్సినవి: సినిమా నడుస్తుండగా ఆడియో అని ఉన్నచోట తెలుగు రెండుసార్లు కనపడితే 5.1 అని లేనిది ఎంచుకోండి. టీవీ సౌండ్ మోడ్ 'సినిమా'లో ఉంటే తీసేసి వాయిస్, స్పీచ్, న్యూస్ ఇలాంటి పేరుతో ఏముంటే అది పెట్టండి. బాస్ బాగా తగ్గించండి. టీవీ చెక్క అరలో ఉంటే ముందుకు లాగండి. ఇవన్నీ పైసా ఖర్చు లేనివి. ఇవయ్యాక కూడా కావాలంటే మధ్య స్పీకరు వేరుగా ఉన్న సౌండ్‌బార్ కొనండి. మధ్య స్పీకరు లేనిదైతే గోల పెరుగుతుంది తప్ప మాట పెరగదు, డబ్బు దండగ.

రాత్రి ఆటగాడు

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టేయండి మేడమ్, ఒక్క దెబ్బకి పరిష్కారం.

లెక్కల టీచరమ్మ, కాకినాడ

హెడ్‌ఫోను ప్రయత్నించామండీ. మా అబ్బాయిది పెట్టాం. బాగా వినపడుతోందంది. పావుగంటకి తీసి ఒళ్లో పెట్టుకుంది. "మీరు నవ్వేది వినపడట్లేదే, నేనొక్కదాన్నే ఎక్కడో కూర్చున్నట్టుంది" అంది. ఇక నేను బలవంతం చేయలేదు.

మెకానిక్ గారూ, మీరు చెప్పినట్టు చేశాం. 5.1 తీసేసి, మోడ్ మార్చి, బాస్ సగానికి తెచ్చాం. తేడా బాగా తెలిసింది, నాకే! ఇన్నాళ్లూ నేనూ సగం ఊహించుకుని చూస్తున్నానన్నమాట. అమ్మకి కూడా మోచెయ్యి పోట్లు తగ్గాయి, పోలేదు. సిరిసిల్ల తమ్ముడూ, నువ్వు రాసింది అమ్మకి చదివి వినిపించాను. నాయనమ్మని అడిగానని చెప్పమంది.

చెవుల డాక్టరమ్మ కాదు, చెవులు పరీక్ష చేసే అమ్మాయి

అండీ, మీ మొదటి పోస్టులోనే జవాబు ఉంది, గమనించారా? అమ్మగారికి సాయికుమార్ వినిపించారు, ఆడపిల్ల వినపడలేదు. వయసుతో వచ్చే చెవుడు ఇలాగే మొదలవుతుంది. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. బరువైన మగ గొంతు ఉంటుంది, పిల్లల, ఆడవాళ్ల గొంతు జారిపోతుంది. మాటలో కూడా అంతే, ఆ, ఓ లాంటి అచ్చులు గట్టివి కాబట్టి నిలుస్తాయి, స, ష లాంటివి సన్నవి కాబట్టి ఎగిరిపోతాయి. అందుకే వీళ్లు వినపడట్లేదు అనరు, వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు అంటారు. ఇంట్లోవాళ్లేమో కావాలని వినిపించుకోవట్లేదు అనుకుంటారు. సౌండ్ పెంచితే ఉన్నవే ఇంకా గట్టిగా అవుతాయి, పోయినవి తిరిగిరావు.

ఒకసారి ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లండి. ముందు గులిమి గట్టిపడిందేమో చూస్తారు. కొందరికి అది తీసేస్తేనే సగం బాధ పోతుంది. తర్వాత చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి ఏ శబ్దం ఎంత మేరకు వినపడుతోందో గీత గీసి ఇస్తారు. సూదీ మందూ ఏమీ ఉండదు. చెవి మిషను కావాలో వద్దో ఆ గీత చూశాక మాట్లాడొచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి. మాట అర్థం కానివాళ్లు మెల్లగా మాట్లాడటం మానేస్తారు.

సబ్‌టైటిళ్ల గురించి మీరన్నది చాలామంది బాధే. 2023 జనవరిలో పఠాన్ సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టు, ఓటీటీలో వచ్చేటప్పటికి హిందీ అక్షరాలు కూడా ఉండాలని నిర్మాతలకి చెప్పింది. వినలేని, చూడలేని కొందరు వెళ్లి అడిగితే వచ్చిన మాట అది. మన భాషకీ ఎవరో ఒకరు అడగాలి. యాప్‌లో అభిప్రాయం రాసే చోటు ఉంటుంది కదా, నేను ప్రతి సినిమాకీ రాస్తున్నాను. మీరూ రాయండి.

గోదారి గట్టు

అమ్మా, రిటైరైనవాణ్ణి, నాకూ ఎడమ చెవి సగమే. నేను కొత్తవి మానేసి పాతవాటికి పోయాను. వాటిలో నటులు నాటకాల నుంచి వచ్చినవాళ్లు, మాట చివరి అక్షరం దాకా పలికేవారు. మాట వెనక సంగీతం దొర్లించేవాళ్లు కాదు. మాట ఉన్నప్పుడు మాటే.

మాయాబజార్ (1957) పెట్టండి. మీది కాకినాడ అంటున్నారు, ఎస్వీ రంగారావు మీ ఊరి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడినవాడే. ఘటోత్కచుడు ఒక్కో మాట ఎలా విరిచి పలుకుతాడో వినండి. పింగళి రాసిన అసమదీయులూ తసమదీయులూ వీరతాళ్లూ చెవికి తగలకపోవడమన్నది ఉండదు. రంగులద్దినది 2010లో వచ్చింది. నాకు నలుపు తెలుపే ఇష్టం. మార్కస్ బార్ట్‌లే కెమెరాలో పట్టిన వెన్నెల రంగుల్లో వెలిసిపోయినట్టుంటుంది. ఎవరి ఇష్టం వాళ్లది.

అది అందరికీ తెలిసినదే అంటారా? అయితే ఇంకోటి చెబుతాను. పుష్పక విమానం, 1987. సింగీతం శ్రీనివాసరావు తీసింది, కమల్ హాసన్, అమల. ఉద్యోగం లేని కుర్రాడు ఓ డబ్బున్నవాడి స్థానంలో పెద్ద హోటల్లో చేరే కథ. మాటలే లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. చప్పుళ్లు ఉంటాయి, ఎల్. వైద్యనాథన్ సంగీతం ఉంటుంది, అంతే. మీ ఇంట్లో ఎవరూ ఎవరినీ "ఏమంటున్నాడు" అని అడగక్కర్లేదు.

లెక్కల టీచరమ్మ, కాకినాడ

రెండు వారాలైంది, ఏమైందో చెప్పకపోతే బాగుండదని వచ్చాను.

మాయాబజార్ ఆదివారం పెట్టాం. అందులో పాండవులు అసలు కనపడరని మా అబ్బాయికి అమ్మ ముందే చెప్పింది, వాడు చివరిదాకా కాపలా కాశాడు. గోదారి గట్టు గారూ, వినపడటం మాట అటుంచండి. అమ్మకి సినిమా మొత్తం కంఠతా వచ్చు. రంగారావు కంటే అర క్షణం ముందు తను చెప్పేస్తోంది. శర్మ, శాస్త్రి గోంగూర దగ్గరికొచ్చేసరికి గట్టిగా నవ్వుతూ చెప్పింది. ఈసారి మా ఆయనకి వినపడలేదు! కానీ తెలిసిన సినిమా చూడటం వేరు. నేను అడిగింది కొత్తగా ముగ్గురికీ ఒకేసారి తెలిసేది.

పుష్పక విమానం నిన్న రాత్రి చూశాం. వెతగ్గా దొరికింది, ప్రింటు కొంచెం మసకగా ఉంది. అది విడుదలైనప్పుడు మా తమ్ముడు కడుపులో ఉన్నాడట, అందుకని వెళ్లలేదంది. నాకు యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాల్సినవి ముప్పై ఎనిమిది ఉన్నాయి. సినిమా చూస్తూ దిద్దుదామని ఒళ్లో పెట్టుకున్నాను. ఎప్పుడూ చేసేదే. చెవి టీవీ మీద, కళ్లు పేపరు మీద.

మాటలు లేని సినిమాతో అది కుదరదు. ఒక పేపరు దిద్ది తలెత్తేసరికి కమల్ హాసన్ పెద్ద హోటల్లో పరుపు మీద నిద్రపట్టక దొర్లుతున్నాడు, తర్వాత టేప్‌రికార్డరులో ఏదో సినిమా ఫైటింగ్ గోల పెట్టుకుని గుర్రుపెట్టి పడుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. అమ్మ మోచెయ్యి నేను పొడిచాను. "ఏంటే అది?" "వాడి గది సినిమా హాలు పక్కన కదే, ఆ గోల అలవాటు. ఇక్కడ నిశ్శబ్దానికి నిద్రపట్టక పాపం వెళ్లి ఆ గోల పట్టుకొచ్చుకున్నాడు" అని చెప్పింది. ఇంకో పేపరు దిద్దాను. ఈసారి కిరాయి హంతకుడుగా వేసిన టిన్నూ ఆనంద్ చేతిలో మంచు కత్తి. "కరిగిపోతే సాక్ష్యం ఉండదు, బుర్ర చూడు వెధవకి" అంది అమ్మ. అప్పటికి పేపర్లు కింద పెట్టేశాను.

ముష్టివాడు చచ్చిపోయి, వాడి కింద నోట్లు బయటపడి, జనమంతా డబ్బు మీద పడి వాణ్ణి వదిలేసినప్పుడు ఇంట్లో ఎవరం కదల్లేదు. ఆ బహుమతి పెట్టెల్లో ఏముందో తెలిశాక అమ్మ ముక్కు మీద కొంగు వేసుకుని "ఛీ ఛీ, ఏం సినిమా తీశాడే" అంటూనే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నాన్న పోయాక అంత నవ్వు చూడలేదు.

నాకు ఒకటి మాత్రం నచ్చలేదు. మధ్యలో హోటలు భాగం బాగా సాగింది, ఓ ఇరవై నిమిషాలు కోసేయొచ్చు. అమ్మ ఒప్పుకోలేదు. నీకు పేపర్ల మీద ధ్యాస అంది.

చివర్లో అమల గులాబీకి చుట్టి ఇచ్చిన చీటీ గాలికెగిరి మురుగులో పడుతుంది కదా. మా అబ్బాయి "అడ్రసు పోయింది, ఇంకెలా కలుస్తారు?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. పొద్దున కాఫీ ఇస్తుంటే అడిగింది, "ఆ పిల్ల మళ్లీ ఉత్తరం రాసి ఉండదంటావా?" అని. రాయడానికి అతని అడ్రసు తనకీ తెలియదు కదమ్మా అన్నాను. "హోటలు పేరు తెలుసు కదే" అంది.

గురువారం ఈఎన్‌టీకి తీసుకెళ్తున్నాను. మాటలు లేనివి, తక్కువ ఉన్నవి ఇంకేమైనా ఉంటే రాయండి. పేపర్లు ఇంకా ముప్పై ఆరు ఉన్నాయి.